షెడ్డుకు పైపు లావే చాలదు

అనంతపురం కరువు సీమలో నీడకైనా, నిల్వకైనా రేకుల షెడ్డే దిక్కు. వేరుశనగ కాయలకు, పశుగ్రాసానికి, పట్టుపురుగుల పెంపకానికి ఇనుప పైపులు నిలబెట్టి రేకులు పరుస్తున్నారు. బేరమంతా పైపు లావు మీదే. కాలు, తల ఎలా బిగించారని అడిగేవారు తక్కువ.

పొడవాటి సన్నని ఉక్కు స్తంభం బరువుకు నలగకముందే పక్కకు వంగిపోతుంది. ఇంజనీర్లు దీన్ని బక్లింగ్ అంటారు. 18వ శతాబ్దంలోనే స్విస్ గణితవేత్త ఆయిలర్ దీనికి సూత్రం కట్టాడు. ఆ ప్రకారం రెండు చివరలూ కీలు మీద ఉన్న స్తంభం 1 టన్ను మోస్తే, రెండు చివరలూ బిగించిన అదే స్తంభం 4 టన్నులు మోస్తుంది. కాలు బిగించి తల వదిలేస్తే పావు టన్నే. పైపు ఒకటే, తేడా 16 రెట్లు!

అయితే పనిలో పూర్తి బిగింపు దొరకదు. అందుకే 2007 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 800, రెండు చివరలూ బిగించిన స్తంభం పొడవును సగంగా కాక 0.65 వంతుగా లెక్కించమంది. దాంతో ఆ 4 రెట్లు కాస్తా సుమారు 2.4 రెట్లకు దిగుతుంది. ఇక వాలుకడ్డీలు లేని షెడ్డులో పైన రేకులున్నా స్తంభాల తలలు పక్కకు ఊగుతూనే ఉంటాయి. ఈదురుగాలికి అదే ముప్పు.

కనుక పంచాయతీలు, మార్కెట్ కమిటీలు అంచనాల్లో పైపు బరువుతోపాటు బేస్ ప్లేటు, యాంకర్ బోల్టులు, వాలుకడ్డీలు కూడా రాయాలి. కాంక్రీటు కప్పకముందే తనిఖీ చేయాలి. 1946లో మొదలైన ఇంజనీరింగు కళాశాల 2008లో విశ్వవిద్యాలయంగా ఎదిగిన ఊరిది. వెల్డింగు పనివారికి ఒక్కరోజు శిక్షణ ఇవ్వడం ఇక్కడ అసాధ్యమేమీ కాదు.