అడగకుండా కాపాడొచ్చా?

కారు వంతెన మీంచి నీళ్లలో పడింది. లోపల ఇద్దరున్నారు. ఎలీనా, ఆమె చిన్ననాటి స్నేహితుడు మ్యాట్. ఆమె మనసిచ్చిన స్టెఫాన్ పరుగున వచ్చి నీళ్లలోకి దూకాడు. తలుపు దగ్గరికి చేరాడు. ఎలీనా మాత్రం తల అడ్డంగా ఊపింది. ముందు మ్యాట్‌ని తీసుకెళ్లమని సైగ చేసింది. స్టెఫాన్ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఆమె చెప్పినట్టే మ్యాట్‌ని ఒడ్డుకు చేర్చాడు. మళ్లీ వచ్చేసరికి ఎలీనా ఊపిరి ఆగిపోయింది.

'ద వ్యాంపైర్ డైరీస్' అనే అమెరికా సీరియల్‌లో మూడో సీజన్ ముగింపు ఇది. 2012 మేలో ప్రసారమైంది. ఎల్.జె.స్మిత్ నవలల ఆధారంగా తీసిన ఈ సీరియల్ 2009 సెప్టెంబరులో మొదలై, 2017 మార్చి వరకూ ఎనిమిది సీజన్లు, 171 ఎపిసోడ్లు నడిచింది. స్టెఫాన్, డేమన్ అన్నదమ్ములు. ఇద్దరూ రక్తం తాగి బతికే పిశాచాలే. ఇద్దరూ ప్రేమించింది మాత్రం ఎలీనా అనే మామూలు అమ్మాయిని.

పిశాచాల సంగతి పక్కన పెడితే, అన్నదమ్ముల అసలు తగాదా ప్రేమ గురించే. ఆమె ఏం కోరుకుందో అది చేయడమే ప్రేమ అంటాడు స్టెఫాన్. ఆమె బతికుండటం ముఖ్యం, ఆమె కోరికలతో పనేంటి అన్నది డేమన్ లెక్క. అంతకు ఏడాది ముందు 2011లో వచ్చిన ఓ ఎపిసోడ్‌లో డేమన్ ఆమె వద్దంటున్నా బలవంతంగా తన రక్తం తాగించాడు. ఒకవేళ చనిపోయినా పిశాచిగా తిరిగి లేస్తుందని అతని ఆశ. పిశాచిగా బతకడం ఆమెకు ఇష్టం లేదని అతనికి తెలుసు. అయినా ఆగలేదు. వంతెన దగ్గర ఆమె చనిపోయాక, మ్యాట్‌ని ముందు కాపాడినందుకు తమ్ముడి మీద మండిపడ్డాడు కూడా.

ఇద్దరిలో ఎవరిది నిజమైన ప్రేమ అని అభిమానులు ఏళ్ల తరబడి రెండు జట్లుగా విడిపోయి వాదించుకున్నారు.

ప్రేమించినవాళ్లను కాపాడటానికి వాళ్ల మాటను కాదనొచ్చా? ఈ ప్రశ్న కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. పల్నాటి వీరుల కథలో ఇదే ప్రశ్న ఉంది. అదీ ఒక్కచోట కాదు, అడుగడుగునా.

వీరులు తిరిగొచ్చే ఊరు

చనిపోయినవాళ్లు మళ్లీ మనుషుల మధ్యకు రావడం పల్నాడుకు వింతేమీ కాదు. కార్తిక అమావాస్య వచ్చిందంటే నాగులేరు ఒడ్డున ఉన్న కారెంపూడికి ఊళ్ల నుంచి జనం కదిలొస్తారు. వీరుల ఆయుధాలుగా కొలిచే కొణతాలను భుజాన వేసుకొస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... ఇలా అయిదు రోజుల పాటు వీరారాధన ఉత్సవం సాగుతుంది. వీరవిద్యావంతులు కథ పాడుతుంటే వింటున్నవాళ్లకు పూనకాలు వస్తాయి. ఆ అయిదు రోజులూ వీరులు ఊళ్లోనే ఉన్నట్టు లెక్క.

కథ 12వ శతాబ్దం నాటిది. గురజాలలో నలగామరాజు, ఆయన పక్షాన నాయకురాలు నాగమ్మ. మాచర్లలో ఆయన సవతి తమ్ముడు మలిదేవరాజు, ఆయన పక్షాన బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్లు వలస పోయింది. గడువు తీరాక తమ రాజ్యం తమకిమ్మని రాయబారం వెళ్లిన అలరాజు విషానికి బలయ్యాడు. ఇక యుద్ధం తప్పలేదు. రెండు పక్షాలూ కారెంపూడి దగ్గర మోహరించాయి.

ఈ కథను ద్విపదలో రాసింది 15వ శతాబ్దపు శ్రీనాథుడని ప్రసిద్ధి. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని అచ్చు వేయించారు. అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడి నోట విన్న కథను జీన్ రోఘైర్ అనే పరిశోధకుడు ఇంగ్లిషులోకి తెచ్చి 1982లో పుస్తకంగా వేశారు. సినిమాగానూ రెండుసార్లు వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి కన్నుమూస్తే, ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేసిన 1947 నాటి 'పల్నాటి యుద్ధం'లో అక్కినేని బాలచంద్రుడు, ఎస్.వరలక్ష్మి మాంచాల. 1966లో అదే పేరుతో వచ్చిన సినిమాలో ఎన్టీఆర్ బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ.

పాడేవాళ్లను బట్టి, రాసేవాళ్లను బట్టి కథలో తేడాలున్నాయి. కానీ బాలచంద్రుడి చుట్టూ తిరిగే మూడు సన్నివేశాలు మాత్రం విన్నవాళ్లెవరూ మరిచిపోరు.

బొంగరం తెచ్చిన కబురు

బాలచంద్రుడు బ్రహ్మనాయుడి కొడుకు. పెద్దలంతా యుద్ధానికి వెళ్లినా కుర్రవాడు ఇంటి దగ్గరే ఉండిపోయాడు. స్నేహితులతో బొంగరాలాట ఆడుతుంటే అతని బొంగరం తగిలి అన్నమ్మ అనే అమ్మాయి కాలికి గాయమైంది. ఆమెకు కోపం వచ్చింది. నీవాళ్లంతా అక్కడ యుద్ధానికి నిలబడితే నువ్విక్కడ బొంగరాలు తిప్పుకుంటున్నావా అన్నట్టు దెప్పింది.

ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి తనకు పరాయి పిల్ల తిట్టులో తెలియడం! బాలచంద్రుడిని కుదిపేసింది అదే. నేరుగా తల్లి దగ్గరికెళ్లి నిలదీశాడు.

తల్లి ఐతాంబ ఏం చేసింది? నోములు నోచి కన్న కొడుకు. ఏడ్చింది, బతిమాలింది. చిన్నవాడివి, వద్దంది. అయినా అతను వినలేదు. చివరికి పుట్టింట్లో ఉన్న కోడలిని ఒకసారి చూసి వెళ్లమంది. పెళ్లాం మొహం చూస్తే మనసు మారుతుందేమోనన్న ఆశ ఆ తల్లిది. కొడుకు యుద్ధానికి వెళ్తానంటే వద్దని ఏడ్చిన తల్లిని ఏ కథా తప్పుపట్టలేదు.

మాంచాల గుమ్మంలో

మాంచాల పరిస్థితి మరీ చిత్రం. పెళ్లయిందన్న పేరే గానీ మొగుడితో కాపురం చేసిందే లేదు. అతని మనసంతా శ్యామాంగి మీదే. ఇన్నాళ్లకు గడప తొక్కాడు. అదీ మర్నాడు యుద్ధానికి వెళ్తూ.

ఆమె అతన్ని ఆపి ఉంటే ఎవరూ కాదనేవారు కాదు. అత్తగారు ఆశపడింది కూడా అదే. కానీ మాంచాల ఆపలేదు. కత్తి చేతికిచ్చింది. తిలకం దిద్ది పంపింది.

వీరపత్ని అంటూ ఆమెను పొగిడే సంప్రదాయం మనకుంది. ఆ పొగడ్త చాటున ఆమె పోగొట్టుకున్నది కనిపించకుండా పోతుంది. ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషి ఒక్క రాత్రికి వచ్చి వెళ్లిపోతున్నాడు. ఆమెకు ఏం కావాలో ఎవరూ అడగలేదు. యుద్ధానికి వెళ్తానన్నది అతని నిర్ణయం. దాన్ని గౌరవించడం ఆమె వంతు. వంతెన కింద స్టెఫాన్ చేసిందీ ఇదే. ప్రాణం పోతుందని తెలిసీ ఎదుటి మనిషి మాటకు తలవంచడం. ఇది తేలికైన ప్రేమ కాదు. సుఖంగా ముగిసే ప్రేమ అంతకన్నా కాదు. బాలచంద్రుడు కారెంపూడి నుంచి తిరిగి రాలేదు.

అలాగని ఆపడం తప్పు, పంపడం ఒప్పు అని తేల్చేయడానికి లేదు. ఎందుకంటే కథ అక్కడితో ఆగదు.

స్నేహితుడికి చెప్పని మాట

బాలచంద్రుడి వెంట నడిచిన స్నేహితులది ఒక కులం కాదు. అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి 'చాపకూడు' తినిపించిన బ్రహ్మనాయుడి కొడుకు కదా! ఆ స్నేహితుల్లో అనపోతురాజు బ్రాహ్మణుడు. బాలచంద్రుడికి అన్నలాంటివాడు.

దారిలో బాలచంద్రుడికి దిగులు పట్టుకుంది. వెళ్తున్నది చావుకి. తనవల్ల బ్రాహ్మణుడు చనిపోతే ఆ పాపం తనకు చుట్టుకుంటుంది. దానికి తోడు అనపోతు అంటే ప్రాణం. ఉండిపొమ్మంటే అతను ఉండడు. అందుకే ఒక ఉపాయం పన్నాడు. మాంచాల దగ్గర వస్తువు మరిచిపోయాను, తెచ్చిపెట్టమని వెనక్కి పంపాడు. అతను అటు వెళ్లగానే మిగిలినవాళ్లతో ముందుకు సాగిపోయాడు.

అనపోతు నమ్మి వెళ్లాడు. తిరిగి వచ్చి చూస్తే ఎవరూ లేరు. తనను కావాలనే తప్పించారని అర్థమైంది. ఆ అవమానం భరించలేక అక్కడే ప్రాణం తీసుకున్నాడు.

పల్నాటి కథలో కన్నీళ్లు పెట్టించే ఘట్టం ఇదే. శత్రువు కత్తి తాకకముందే, యుద్ధభూమి చూడకముందే, కాపాడాలనుకున్న స్నేహితుడి చేతుల్లోనే అనపోతు కథ ముగిసింది.

మరో సంగతి గమనించారా? తనకు చెప్పకుండా యుద్ధానికి వెళ్లారని తెలిస్తే బాలచంద్రుడికి ఎంత కోపం వచ్చిందో ఇంతకుముందే చూశాం. అదే బాధను తన ప్రాణ స్నేహితుడికి తానే పెట్టాడు. దాచడం ఎంత గాయం చేస్తుందో తెలిసిన మనిషే మళ్లీ దాచాడు. ప్రేమ ఎక్కువైన చోట మనకు మన బాధ గుర్తుండదు కాబోలు.

అన్నదమ్ముల ఆఖరి పేచీ

చిత్రంగా, ఆ అమెరికా సీరియల్ కూడా చివరికి ఇలాంటి చోటికే వచ్చింది. 2017 మార్చి 10న వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో ఊరిని కాపాడాలంటే అన్నదమ్ముల్లో ఒకరు చావాలి. డేమన్ తమ్ముడి మీద వశీకరణం ప్రయోగించి అక్కణ్నుంచి పంపేయబోయాడు. ఆ శక్తి పనిచేయకుండా స్టెఫాన్ ముందే జాగ్రత్తపడ్డాడు. అన్నను ఏమార్చి మామూలు మనిషిగా మార్చేశాడు. అతని బదులు తానే ప్రాణం ఇచ్చాడు.

ఎలీనా మాటను అంతగా గౌరవించిన స్టెఫాన్, అన్న దగ్గరికి వచ్చేసరికి అడగలేదు. ఎదుటివాళ్ల మాటకు విలువివ్వడమే ప్రేమ అన్నవాడూ ఒక్కోసారి దాన్ని పక్కన పెడతాడు. తరతరాల పల్నాటి పాటైనా, ఎనిమిది సీజన్ల సీరియలైనా మనిషిని సరిగ్గానే పట్టుకున్నాయి.

మన ఇళ్లలో...

ఇప్పుడు కత్తులూ లేవు, కారెంపూడి యుద్ధమూ లేదు. కానీ ఇళ్లలో అనపోతులకు కొదవ లేదు.

దూరాన ఉద్యోగం చేస్తున్న కొడుకు కంగారుపడతాడని తండ్రి ఆస్పత్రిలో ఉన్న సంగతి చెప్పరు. తీరా అతను వచ్చేసరికి అంతా అయిపోతుంది. కూతురు పట్నం వెళ్తే ఎలా నెగ్గుకొస్తుందోనని కాలేజీ నుంచి వచ్చిన ఉత్తరాన్ని బీరువాలో దాచేస్తారు. అప్పుల సంగతి భార్యకు తెలిస్తే తట్టుకోలేదని భర్త, జబ్బు సంగతి చెబితే డీలాపడతాడని భార్య... అందరిదీ ప్రేమే. ఎవరినీ వేలెత్తి చూపలేం. కానీ నిజం తెలిసిన రోజు అవతలి మనిషి అడిగేది ఒక్కటే. 'నాకెందుకు చెప్పలేదు?'

ఆ ప్రశ్నలో నష్టం కన్నా, తనను లెక్కలోకి తీసుకోలేదన్న బాధే ఎక్కువగా వినిపిస్తుంది. అనపోతు ప్రాణం తీసింది కూడా అదే.

ఈ కథలో ఐతాంబ ఆపాలని చూసింది. మాంచాల పంపింది. చూడటానికి ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం. కానీ ఇద్దరిలో ఒక పోలిక ఉంది. చేసిందేదో అతని ఎదుటే చేశారు. తల్లి కన్నీళ్లు అతను చూశాడు. భార్య మాట విన్నాడు. తన దారేదో తాను ఎంచుకుని వెళ్లాడు. అనపోతుకు ఆ అవకాశం దక్కలేదు. పోట్లాడటానికీ, ఒప్పుకోవడానికీ, కనీసం వీడ్కోలు చెప్పడానికీ ఎదురుగా మనిషే లేడు.

ప్రేమించినవాళ్లు ప్రమాదంలోకి వెళ్తుంటే చేతులు కట్టుకుని కూర్చోమని ఎవరూ అనరు. అడ్డుపడొచ్చు. ఏడవొచ్చు. గొడవపెట్టుకోవచ్చు. రెండు రోజులు అన్నం మానేయొచ్చు కూడా! ఐతాంబలా వెయ్యి రకాలుగా బతిమాలొచ్చు. అదంతా వాళ్ల కళ్లెదుట, వాళ్లకు తెలిసేలా జరగాలి. చివరి మాట మాత్రం వాళ్లదే కావాలి.

కారెంపూడిలో వీరవిద్యావంతులు అనపోతు ఘట్టం పాడేటప్పుడు బాలచంద్రుడిని తిట్టరు. అతనిది ప్రేమేనని వాళ్లకు తెలుసు. స్నేహితుడు వెనక్కి తిరిగి వెళ్లిన ఆ దారిని మాత్రం వదలకుండా పాడతారు. వింటున్నవాళ్లలో ఏ ఒక్కరైనా ఇంటికెళ్లాక, ఇన్నాళ్లూ దాచిన మాటను చెప్పాల్సిన మనిషికి చెప్పేస్తే ఆ పాట పాడినందుకు ఫలితం దక్కినట్టే.