పెరటి ముచ్చటలు: కుండీలో స్ట్రాబెర్రీ



అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగిలో స్ట్రాబెర్రీ పండుచున్నదని విన్నది మొదలు, మన విజయనగరమున, శ్రీకాకుళమున నిది పెరుగదా యని పలువురు మమ్మడుగుచున్నారు. పెరుగును, కాని కొండమీదివలె కాయదు. లంబసింగి సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల యెత్తున నున్నది. ఈ మొక్కకు పగటి యెండయు, రాత్రి చలియు రెండును వలయును. మన మైదానమున చలి కార్తికమునుండి మాఘమువరకే, అదియు కొలదిగనే యుండును. కావున కుండీకి గుప్పెడు పండ్ల నాశింపవలెను గాని గంపెడు గాదు.

ఈ పండు పుట్టుక వింతయైనది. 1714లో ఫ్రేజియే అను ఫ్రెంచివాడు చిలీ దేశమునుండి పెద్దపండ్ల జాతి మొక్కలు కొన్ని స్వదేశమునకు గొనిపోయెను. అవి యన్నియు నాడుమొక్కలగుటచే చిరకాలము కాపులేక యుండెను. లోపము మొక్కలది గాదు, తోడు లేకపోవుటయే. ఉత్తర అమెరికా జాతి చెంత నాటినపిదప కాచెను. ఆ రెంటి సంకరమే నేటి స్ట్రాబెర్రీ. మనము తిను ఎఱ్ఱని కండ పూవు నిలిచిన పీఠము ఉబ్బగా నైనది. పైని గింజలవంటివే యసలు కాయలు.

ఇక పెంపకము. విత్తనములు వలదు, మొక్కలే కొనుడు. నీలవర్ణపు పండ్లనిచ్చు విత్తనములని బొమ్మలు చూపి యమ్మువారు కలరు. అట్టి జాతి లోకమున లేదు. జానెడు లోతు, జానెడు వెడల్పు గల కుండీ యొక మొక్కకు చాలును. అడుగున చిల్లులుండవలెను. ఎఱ్ఱమట్టి, ఇసుక, బాగుగా మాగిన గత్తము సమముగా కలిపి, కొంత కొబ్బరిపొట్టు చేర్చుడు. మొవ్వు మట్టిలో పూడినచో క్రుళ్లును. వేళ్లు పైకి తేలినచో ఎండును. ఉదయపుటెండ తగులవలెను.

సముద్రతీర గ్రామములవారికి ముఖ్యమైన మాట: ఉప్పునీటి నీ మొక్క సహింపదు. ఆకుల యంచులు మాడినచో బావినీటి ననుమానింపుడు. వాననీరు పట్టి యుంచుకొనుట మేలు.

నాటుటకు తగిన కాలము అక్టోబరు చివర, నవంబరు. అవి తుపానుల దినములని మనకు తెలియనిది గాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానునకు ఉద్దానమున కొబ్బరి, జీడిచెట్లు నేలకొరిగెను. చెట్టు కదలలేదు, కుండీ నన్ననో గాలి సూచన తోచగనే చావడిలో చేర్చవచ్చును. సొంత భూమి లేని యిల్లాలికిది చిన్న ధైర్యము గాదు.

తేనెటీగలు రాని చోట మెత్తని కుంచెతో పూవు నడుమ నంతటను మెల్లగా రాయుడు. లేనిచో పండు వంకరగా నగును. పూచిన నెలదినములకు పండును. పండు నేల తగులకుండ క్రింద ఎండుగడ్డి పరువుడు. చీమలకు భయపడువారు కుండీని నీటిపళ్లెరమున నిలుపుడు. మామిడివలె నిది కోసినపిదప మాగదు. దూరప్రయాణమునకై ముందుగా కోసినవగుటచే అంగడిపండ్లు పులియును. మీరు మాత్రము తొడిమవరకు ఎఱ్ఱబారినదాక నోర్చుకొనుడు.

ఒకసారి రెండు మూడు పండ్లకంటె దొరకవు. ఎనమండుగురున్న యింట అవి పిల్లలకు, పెద్దలకు పంచునప్పటికి ఇల్లాలికి తొడిమలు మిగులును. మేమనునది, తొలిపండు నీరుపోసిన చేయియే తినవలెను. చెట్లకు నీరుపోయక తాను త్రాగని శకుంతలను మనము మెచ్చుకొందుము. ఆమె పండు తినరాదని యెవరును చెప్పలేదు. రుచి యెఱుగనివారు వచ్చు నేట ఎరువు పెంచవలెనో, చోటు మార్చవలెనో యెట్లు నిర్ణయింతురు?

చైత్రమున ఎండలు ముదిరినపిదప మొక్కలు వాడిపోవును. దుఃఖింపక అదే కుండీలో తోటకూర చల్లుడు. ఆ పంట యింటిల్లపాదికిని చాలును.