మాత్ర మానితే పొలం పోయింది

పట్టిసీమ రేవులో పడవ నడిపే ఒకాయన కొన్నేళ్ళ క్రితం కాలికి మేకు గుచ్చుకుందని నా దగ్గరకు వచ్చాడు. వయస్సు నలభై ఎనిమిది. పనిలో పనిగా రక్తపోటు చూస్తే 190/110 ఉంది. రోజూ ఒక మాత్ర వేసుకోవాలనీ, నెలనెలా వచ్చి చూపించుకుని మాత్రలు తీసుకెళ్ళాలనీ చెప్పాను. రెండు నెలలు వచ్చాడు. తర్వాత శివరాత్రి తిరునాళ్ళు వచ్చాయి. వీరభద్రస్వామి గుడికి జనాన్ని దాటించే రోజులు, నాలుగు డబ్బులు కనబడే రోజులు. ఆస్పత్రికి రాలేదు. "ఒంట్లో ఏ బాధా లేదు గదండీ" అన్నాడట ఇంట్లో వాళ్ళతో.

ఏడాది తిరక్కుండానే కుడి చెయ్యీ, కాలూ పడిపోయాయి. పట్నంలో వైద్యానికి ఉన్న అరెకరమూ అమ్మేశారు.

"అంతా అశ్రద్ధ!" అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ రోజున నేనూ అన్నాను. కాని లెక్క వేసి చూడండి. నెలజీతగాడు సెలవు పెట్టి డాక్టరు దగ్గరకు వెళితే జీతం పోదు. రెక్కాడితేగాని డొక్కాడనివాడికి ఆ రోజు కూలి పోతుంది. ప్రభుత్వాస్పత్రిలో మాత్ర ఉచితమే. దానికోసం పోగొట్టుకున్న రోజు మాత్రం ఉచితం కాదు.

ఇది ఒక్కడి కథ కాదు. అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు నల్గొండ, ఖమ్మం, తూర్పు గోదావరి జిల్లాల్లో 36 పల్లెలను పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించారు. పాతికేళ్ళ కాలంలో నూటికి 14 కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయి. సంతోషమే! కాని అదే కాలంలో మరో 12 కుటుంబాలు కొత్తగా పేదరికంలో పడ్డాయి. పెళ్ళి ఖర్చులు, వడ్డీ అప్పులు, కరువు కారణాలే అయినా, అన్నిటికన్నా ముందున్నది జబ్బు, దాని ఖర్చు.

వేల్స్ దేశంలో బొగ్గుగని కార్మికుల మధ్య పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లోనే ఒక మాట రాశారు. మంచి వైద్యం ఎక్కువగా కావలసిన చోటే తక్కువగా దొరుకుతుందని దాని సారాంశం. గోదావరి గట్టున కూడా అంతే.

మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పెద్ద ఆపరేషన్లకు పేదలకు ఎంతో ఆసరా దొరికింది. కాని పక్షవాతం వచ్చాక చేసే ఖర్చుకన్నా, రాకుండా వేసుకునే మాత్ర ఎంతో చవక. అందుచేత ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

1. ముప్పై దాటిన ప్రతివారూ ఏడాదికొకసారైనా రక్తపోటు చూపించుకోవాలి. బాధ లేనంత మాత్రాన రక్తపోటు లేనట్టు కాదు. బాధ లేదని మాత్ర మానకూడదు.

2. నీరసమని గ్లూకోజు సీసా ఎక్కించుకోకండి. అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే అయిదారు చెంచాలు. నోటితో తినగలిగినవారికి దానికి వందలు పోయడం దండగ.

3. మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోను చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది.

4. మీ ఇంట్లో పనిమనిషి, మీ దుకాణంలో గుమాస్తా, మీ పొలంలో పాలేరు ఉంటే, ఆస్పత్రికి వెళ్ళిన రోజున వాళ్ళ కూలి కోయకండి. మీరు దానం చేయగలిగిన మందుల్లో ఇంతకన్నా మంచిది లేదు.

ఇక నా తప్పు కూడా ఒప్పుకోవాలి. రక్తపోటు అదుపులో ఉన్నవారిని మూడు నుంచి ఆరు నెలలకొకసారి చూస్తే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఆ పడవాయన్ని నేను నెలనెలా రమ్మన్నాను. అదుపులోకి వచ్చాక మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చి ఉంటే, ఆ తిరునాళ్ళలో కూడా వేసుకునేవాడేమో!

ఇప్పుడు ఆయన కొడుకు పడవ నడుపుతున్నాడు. అతనికీ రక్తపోటు ఉంది. అతనికి మాత్రం మాత్రలు మూడు నెలలకు సరిపడా ఇస్తున్నాను. మీ డాక్టరును మీరూ అడగండి. అడగడంలో తప్పులేదు.