పసుపు డబ్బాలో ఎన్ని సంగతులో!

పచ్చ అంటే ఏ రంగు? పిల్లల్ని అడిగితే ఆకు రంగు అంటారు. అమ్మమ్మల్ని అడిగితే బంగారం రంగు అంటారు. ఇద్దరి మాటా ఒప్పే! మన తెలుగులో ఆ రెండు రంగులకూ పచ్చ అన్న మాట ఒక్కటే ఉండేది. తేడా తెలియాలని ముందు ఇంకో మాట చేర్చి ఒకదాన్ని ఆకుపచ్చ అనీ, రెండోదాన్ని పసుపుపచ్చ అనీ చెప్పుకుంటున్నాం. చేను పచ్చగా ఉందంటే ఆకు రంగు, పచ్చకామెర్లంటే పసుపు రంగు. మనకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు, సందర్భాన్ని బట్టి అర్థమైపోతుంది.

ఇంకా చూడండి. పచ్చి, పచ్చిక, పసరు, పసిపాప, పసిమి, పసిడి, పసుపు... ఇవన్నీ ఒక్క కడుపున పుట్టిన మాటలే. లేతదనం, పచ్చిదనం, ఆ రెండు రంగులు అన్నీ ఒకే వేరులో ఉన్నాయి. తమిళులు ఆకుపచ్చని 'పచ్చై' అంటారు. కన్నడిగులు 'హసిరు' అంటారు. మన పాలు వాళ్ళకి హాలు, మన పూవు వాళ్ళకి హూవు అయినట్టే, మన 'ప' అక్కడ 'హ' అయిందన్నమాట.

శాస్త్రజ్ఞులు పసుపు మొక్కకు పెట్టిన పేరు కుర్కుమా లాంగా. అది అరబ్బీ మాట కుర్కుమ్ నుంచి వచ్చింది. అరబ్బీలో ఆ మాటకు మొదటి అర్థం కుంకుమపువ్వు. సంస్కృతంలో కుంకుమ అన్నా మొదట కాశ్మీరపు కుంకుమపువ్వే. అక్కడా ఇక్కడా కూడా ఖరీదైన పువ్వు పేరు చౌకగా దొరికే మన దుంపకు వచ్చి చేరింది. మనం నుదుట పెట్టుకునే కుంకుమ పసుపుతో చేసిందే కదా!

ఎర్రనీళ్ళతో దిష్టి తీయని ఇల్లుంటుందా? పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు కలిపి చిటికెడు సున్నం వేయగానే ఎర్రబడతాయి. దీన్నే కాలేజీ ప్రయోగశాలలో చేస్తే రసాయనశాస్త్రం అంటారు. పసుపులో కుర్కుమిన్ అనే పదార్థం ఉంది, ఆ రంగంతా దానిదే. 1815లో యూరప్ శాస్త్రజ్ఞులు వోగెల్, పెల్లెటియర్ దాన్ని మొదట విడదీశారు. క్షారం తగిలితే ఎర్రబడటం, పులుపు తగిలితే మళ్ళీ పసుపుపచ్చకు రావడం దాని గుణం. బట్ట మీద పడ్డ కూర మరకకు సబ్బు రుద్దగానే ఎర్రగా అవుతుందే, అదీ ఇందుకే. మరక పెద్దదైపోయిందని కంగారుపడకండి. సబ్బుతో ఉతికి మంచి ఎండలో ఆరేయండి. కుర్కుమిన్ ఎండకు ఆగదు, ఒకటి రెండు ఎండలకు వెలిసిపోతుంది. కానీ పట్టుచీర విషయంలో ఈ పని చేయకండి, చీర రంగు కూడా వెలుస్తుంది.

మరి సున్నంతో వచ్చిన ఎరుపు నిమ్మరసంతో పోతుంది కదా, ఇళ్ళల్లో కుంకుమ చేసేవాళ్ళు నిమ్మరసం ఎందుకు పోస్తారు? ఇక్కడే ఉంది చమత్కారం. వాళ్ళు వెలిగారం కూడా వేస్తారు. వెలిగారంలో బోరాన్ ఉంటుంది. పులుపు ఉన్నచోట బోరాన్, కుర్కుమిన్ కలిస్తే ఇంకో రకం ఎరుపు పుడుతుంది. అది సున్నపు ఎరుపులాగా నిమ్మరసానికి పోయేది కాదు. ఒక పదార్థంలో బోరాన్ ఎంతుందో తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో కుర్కుమిన్ వాడతారు. ఆ కుంకుమ పాళ్ళు మొదట కుదిర్చిన ఇల్లాలెవరో గానీ, ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక మొక్క సంగతి. మా మెట్‌పల్లి దిక్కు జూన్‌లో తొలివానలకు పసుపు పెడతారు. తవ్వేది సంక్రాంతి దాటాక. తవ్విన దుంపల నుంచి కొమ్ములు, మండ వేరుచేయడం ఎక్కువగా ఆడవాళ్ళ పనే. తర్వాత ఉడకబెట్టి, రెండు వారాల దాకా ఎండబెడతారు. ఉడకబెడితే మొలక చచ్చిపోతుంది, రంగు దుంపంతా సమానంగా పరుచుకుంటుంది, తొందరగా ఎండుతుంది.

పసుపుచేను చూసినవాళ్ళకి ఆకుల మధ్య లేతరంగు పూలగుత్తి కనిపించే ఉంటుంది. పువ్వు పూస్తుంది, కానీ విత్తనం కట్టదు. జీవకణాల్లో క్రోమోజోములు జతలుగా ఉంటే విత్తనం సరిగా కడుతుంది. పసుపులో అవి జతలుగా కాక మూడేసి చొప్పున ఉంటాయి. మనం తినే అరటిపండులో గింజ లేనిదీ ఇందుకే. కనుక దుంప ముక్క నాటితేనే పసుపు మొలుస్తుంది. అడవిలో తనంతట తాను పెరిగే ఈ పసుపు ఎక్కడా కనిపించదంటారు. కస్తూరి పసుపు వేరే జాతి. అంటే మన డబ్బాలో ఉన్న పసుపు వెనక వేల ఏళ్ళ వరస ఉంది. ఒకరు తవ్విన దుంపలో ముక్క ఇంకొకరు నాటుతూ, ఒక్క ఏడు కూడా తెగకుండా వచ్చిన వరస.

ఎన్నేళ్ళ నుంచి? హర్యానాలోని ఫర్మానా అనే చోట సింధు నాగరికత కాలపు ఊరు బయటపడింది. అక్కడ దొరికిన వంటకుండలోనూ, మనుషుల పళ్ళ మీదా పసుపు, అల్లం ఆనవాళ్ళు ఉన్నాయని 2010లో పరిశోధకులు చూపించారు. సుమారు 4,500 ఏళ్ళ నాటి మాట. ఆనాటి కూరలోనూ పసుపు పడిందన్నమాట!

ఇంత పాత సరుకు మీద ఎవరైనా హక్కు కోరతారా? కోరారు. వేలు తెగితే పసుపు అద్దడం మనకెవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాం. 1995 మార్చిలో అమెరికా ప్రభుత్వం గాయాలు మాన్పడానికి పసుపు వాడటం మీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంటు ఇచ్చింది. కనిపెట్టినవారుగా రాసుకున్న ఇద్దరూ భారత సంతతి వాళ్ళే. మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి, డాక్టర్ మషేల్కర్ అధిపతిగా ఉన్న రోజుల్లో, 1996లో దాన్ని సవాలు చేసింది.

ఇక్కడ నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. మా ఇళ్ళల్లో తరతరాలుగా వాడుతున్నామని కోట్లమంది ఆడవాళ్ళు చెప్పినా ఆ పేటెంటు కదిలేది కాదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం పరాయి దేశంలో వాడుక ఉన్నంత మాత్రాన లెక్కకు రాదు, అచ్చులో ఉండాలి. ఆ నియమం 2013లో గానీ మారలేదు. అందుకని మనవాళ్ళు సంస్కృత, హిందీ, ఉర్దూ గ్రంథాలన్నీ వెతికి 32 ఆధారాలు పట్టుకెళ్ళారు. 1953లో మన వైద్యుల సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం కూడా అందులో ఉంది. 1997 ఆగస్టులో పేటెంటు రద్దయింది. ఆ తర్వాతే ఇలాంటి పాత విద్యలన్నీ ఒకచోట చేర్చే గ్రంథాలయం ఒకటి కంప్యూటర్లలో తయారైంది. అందులోకి ఎక్కినవి ముఖ్యంగా ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లోవి. మరి పుస్తకంలో లేని మన అత్తల, అమ్మల చిట్కాలు? బాలింత పథ్యం, పిల్లల వసకొమ్ము, కుంకుమ పాళ్ళు? చాకలిపద్దు రాసుకునే నోటుబుక్కులో నాలుగు పేజీలు వాటికీ వదలండి. ఎవరు చెప్పారో, ఏ సంవత్సరంలో రాశారో కూడా వేయండి.

పండించేవాళ్ళ గోడూ అంతే, గట్టిగా కాగితం మీదికి ఎక్కేదాకా ఎవరూ వినలేదు. ప్రపంచంలో పండే పసుపులో నూటికి డెబ్భై పాళ్ళకు పైగా మన దేశానిదే. అయినా ధర చెప్పేది రైతు కాదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో మా నిజామాబాద్ స్థానానికి (మెట్‌పల్లి కూడా అందులోదే) 185 మంది పోటీ చేస్తే 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులే. పసుపు బోర్డు కావాలి, క్వింటాలుకు 15,000 రూపాయల మద్దతు ధర కావాలని వాళ్ళ పట్టు. ఒక్కో పోలింగు కేంద్రంలో పన్నెండేసి ఓటు యంత్రాలు పరవాల్సి వచ్చింది. గుర్తు వెతుక్కోవడానికే చాలాసేపు పట్టింది! 2025 జనవరి 14న, సరిగ్గా సంక్రాంతినాడు, జాతీయ పసుపు బోర్డు మొదలైంది. ముఖ్య కార్యాలయం నిజామాబాద్‌లోనే.

ఇప్పుడు మన వంటింటి భయం ఒకటి చెప్పాలి. 1980లలో బంగ్లాదేశ్‌లో వరదలకు పసుపు తడిసి రంగు చెడితే, వ్యాపారులు కొమ్ములకు లెడ్ క్రోమేట్ పట్టించడం మొదలుపెట్టారు. అది పెయింట్లలో వాడే పసుపు రంగు, అందులో సీసం ఉంటుంది. ఏళ్ళ తరబడి అదే అలవాటైంది. గర్భిణుల రక్తంలో సీసం ఎక్కడిదా అని వెతుక్కుంటూ పోయిన పరిశోధకులు చివరికి పసుపు దగ్గర తేలారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, జరిగిన నష్టం మందులకు తిరిగిరాదు. సంతోషమేమిటంటే, అక్కడి ప్రభుత్వం టోకు మార్కెట్లలో దాడులు చేసి జరిమానాలు వేసేసరికి, 2019లో నూటికి 47 నమూనాల్లో కనిపించిన సీసం 2021కల్లా ఒక్కదాంట్లోనూ కనిపించలేదు. గట్టిగా పూనుకుంటే రెండేళ్ళు చాలన్నమాట. మన దేశంలోనూ పాట్నా లాంటి చోట్ల ఈ కల్తీ బయటపడింది.

ఇంట్లో చిన్న పరీక్ష ఉంది. గ్లాసు నీళ్ళలో చెంచాడు పసుపు వేసి కదపకుండా ఉంచండి. కుర్కుమిన్ నీళ్ళలో కరగదు కనుక మంచి పసుపు అడుక్కు దిగుతుంది, నీళ్ళు లేత రంగులో ఉంటాయి. కలిపిన రంగుంటే నీళ్ళు చిక్కటి పసుపుపచ్చగా మారతాయి. కొమ్ముల్ని అలాగే వేసి చూడండి, వెంటనే రంగు వదిలితే ఆ కొమ్ములు వద్దు. ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన సీసం లేదని పూచీ లేదు, అది ప్రయోగశాలలోనే తేలాలి. అందుకే నా పద్ధతి వేరు. ధగధగ మెరిసే కొమ్ముల జోలికి పోను. కొత్త పంట వచ్చే ఫిబ్రవరి, మార్చిలో పాలిష్ పట్టని మట్టిరంగు కొమ్ములు ఏడాదికి సరిపడా కొంటాను. బాగా కడిగి, నాలుగు రోజులు ఎండబెట్టి, రోట్లో వేసి నలగ్గొట్టి గిర్నీకి పంపుతాను. మిరపకాయలు పట్టిన వెంటనే మాత్రం పట్టించవద్దు. పోసేముందు కాసిన్ని బియ్యం ఆడించమనండి. చల్లారాక గాజుసీసాలో పోసి, వెలుతురు తగలని అరలో పెట్టండి. బట్ట మీది మరకను వెలిసిపోయేట్టు చేసే వెలుతురే సీసాలో పసుపునూ పాలిపోయేట్టు చేస్తుంది.

వచ్చేవారం చింతపండు కబుర్లు. అది పుట్టింది ఆఫ్రికాలో అంటే నమ్ముతారా? చింతచెట్టు లేని తెలుగూరు ఎక్కడైనా ఉందేమో ఈలోగా ఆలోచించండి.