అడగాల్సిన మనిషిని అడుగుతున్నామా?

గుంటూరు నుంచి వచ్చే అంబులెన్సు నకరికల్లు అడ్డరోడ్డు దగ్గర సైరన్ లేకుండా ఊళ్లోకి మళ్లిందంటే, టీకొట్టు దగ్గరున్న వాళ్లకి సంగతి అర్థమైపోతుంది. ‘తీసుకుపొమ్మన్నారంట’ అనుకుంటారు. లోపల ఒక కుర్రాడు రోగి ముఖం మీది గాలిసంచిని ఆపకుండా నొక్కుతుంటాడు. పక్కన కొడుకు స్కానింగు కవర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. ఇంటి వసారాలో అప్పటికే మంచం వాల్చి ఉంటుంది. ప్రాణం సొంతింట్లో పోవాలి కాబట్టి, నోట్లో తులసి తీర్థం పోసేదాకా ఆ సంచి నొక్కుతూనే ఉండాలి.

అప్పటికి మిరపపంట డబ్బు ఐసీయూకి అయిపోయి, పొలం తాకట్టులో పడి ఉంటుంది. కొడుకుల్ని తప్పుపట్టలేం. ‘డబ్బుకి చూసుకుని వదిలేశారు’ అని నలుగురూ అంటారేమోనన్న భయం అప్పు భయం కన్నా పెద్దది. నా బాధ అది కాదు. వెంటిలేటర్ పెట్టడానికి కొడుకు సంతకం, డయాలిసిస్‌కి అల్లుడి సంతకం, చివరికి ‘మా ఇష్టపూర్వకంగానే తీసుకెళ్తున్నాం’ అని మళ్లీ కొడుకు సంతకం. ఇన్ని కాగితాల్లో ఆ ఒళ్లు ఎవరిదో ఆ మనిషి మాట ఎక్కడా ఉండదు.

స్పృహ తప్పాక ఎలా అడుగుతామంటారు. నిజమే. కానీ స్పృహ ఉన్న ఆర్నెల్లూ ఏం చేశాం? ‘పెద్దాయనకి చెప్పకండి డాక్టరుగారూ, బెంగ పెట్టుకుంటాడు’ అని గది బయటే బతిమాలాం. గుంటూరు యార్డులో ఏ రోజు ధరకి సరుకు అమ్మాలో, ఆడపిల్లని ఏ ఊరివ్వాలో తేల్చిన మనిషికి తన జబ్బు పేరు తెలియకుండా దాచాం. ఇక ఆడవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ‘ఆవిడకేం తెలుసు’ అనే మాటతోనే అమ్మ కథ ముగుస్తుంది.

హైదరాబాద్‌కు చెందిన చదరంగం ఆటగాడు కె. వెంకటేశ్ సంగతి గుర్తు చేసుకోవాలి. కండరాలు క్షీణించే జబ్బుతో ఏళ్ల తరబడి పోరాడిన పాతికేళ్ల కుర్రాడు. అవయవాలు పాడవకముందే దానం చేసి వెళ్లిపోతానన్నాడు. తల్లి సుజాత కొడుకు కోరికను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందు పెట్టారు. బతికున్న మనిషి నుంచి అలా అవయవాలు తీయడానికి చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. 2004 డిసెంబరులో అతను చనిపోయాడు. అతను అడిగింది ఇప్పటికీ చట్టం ఇవ్వదు, ఇవ్వాలని నేనూ అనడం లేదు. నన్ను కదిలించేది వేరే: ఆ తల్లి కొడుకుతో చావు గురించి నేరుగా మాట్లాడింది. అతను ఏం కోరుకుంటున్నాడో విన్నది.

తర్వాత చట్టం చాలా దూరం వచ్చింది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు, గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనంది. కోలుకునే ఆశ లేనప్పుడు ప్రాణాన్ని యంత్రాలతో పొడిగించవద్దని ముందే రాసిపెట్టుకోవచ్చంది. అప్పట్లో మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లాల్సి ఉండటంతో పెద్దగా ఎవరూ ముందుకు రాలేదు. 2023 జనవరిలో ఆ నిబంధన సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షులుండి, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలు. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. ఆస్తి కోసం ఎవరైనా తొందరపడతారేమోనన్న అనుమానం సహజమే. అందుకే ఆ కాగితం ఒక్కదాని మీదే వైద్యం ఆపరు. ఆసుపత్రిలో ఒక వైద్య బృందం, ఆపైన జిల్లా వైద్యాధికారి పంపే డాక్టరున్న మరో బృందం ఒప్పుకోవాలి. మేజిస్ట్రేటుకీ తెలియజేయాలి.

ఇది ప్రాణం తీయమనడం కాదు. వెంటిలేటర్ వద్దన్న మనిషికి వైద్యమే వద్దని కాదు. నొప్పి తగ్గించడం, ఆయాసం తగ్గించడం, పుండ్లు పడకుండా చూడటం అప్పుడే మరింత కావాలి. కేరళ 2008లోనే ఇందుకో విధానం తెచ్చి, పంచాయతీల ద్వారా నర్సుల్ని ఇళ్లకు పంపింది. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ దొరకడం సులువు చేస్తూ 2014లో కేంద్రం చట్టం సవరించింది. అయినా పల్నాడు పల్లెల్లో ఆ మాత్ర కోసం ఎంత దూరం పోవాలో, రాత్రంతా మూలిగే మనిషి పక్కన కూర్చున్నవాళ్లని అడగండి. ఇంటి దగ్గర ఉపశమనం దొరకనప్పుడు ‘ఐసీయూ వద్దు’ అనే స్వేచ్ఛ పేదవాడికి స్వేచ్ఛే కాదు.

రోగి ‘చివరి నిమిషం దాకా అన్నీ చేయండి’ అన్నా అదీ నిర్ణయమే, దాన్నీ పాటించాల్సిందే. తెలిసి అన్నాడా లేదా అన్నదే నా ప్రశ్న. బతికే అవకాశం ఎంత, ఎన్నాళ్లు, మంచం దిగుతానా లేదా అన్నది డాక్టరు తెలుగులో, రోగి ముఖం చూసి చెప్పాలి. ఐదు నిమిషాల ఓపీలో అది కుదరదు. ఆ మాటకంటూ విడిగా సమయం కేటాయించాలి.

ఇలా ముందే రాసిపెట్టుకున్న పత్రాలు భద్రపరిచే బాధ్యత స్థానిక సంస్థలు నియమించే అధికారిదని సుప్రీంకోర్టే చెప్పింది. కాబట్టి మన ప్రభుత్వం ప్రతి పంచాయతీలో ఆ అధికారి ఎవరో పేరు పెట్టి చెప్పాలి. తెలుగు నమూనా పత్రం గ్రామ సచివాలయంలో అందుబాటులో ఉంచాలి. ఈలోగా మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే, బాగా ఉన్నప్పుడే పక్కన కూర్చుని అడగండి. ‘నీకేం కావాలి నాన్నా’ అని అడిగితే బెంగ పెట్టుకోరు, చెబుతారు.