మంచి పోరాటపు ఆట యెట్టిది?

పిల్లలుగల యిండ్లలో తల్లులు తరచుగా వేయు ప్రశ్న యొకటి ఈ మధ్య మా చెవిని బడుచున్నది. "మా వాడు టీవీముందు కూర్చుండి బొమ్మలచేత తన్నులాట లాడించుచున్నాడు. మాన్పింపవలయునా, ఆడనీయవలయునా?" అని. ఈ ప్రశ్నకు తొందరపడి బదులు చెప్పుట న్యాయము కాదు. పాలు మంచివా, చెడ్డవా యని యెవరైన నడిగినచో, ఏ పాలు, ఎప్పుడు కాచినవి యని మనము మరల నడుగుదుము గదా! అట్లే పోరాటపు వీడియో ఆటలలో మంచివియు గలవు, పనికిమాలినవియు గలవు. వానిని వేరుచేయుట తెలిసిన తల్లికి నిషేధముతో పని తక్కువ. గత సంక్రాంతికి నందిగామలో మా పుట్టినింట జరిగిన సంగతి యొకటి ఈ వివేకమును మాకు నేర్పినది. దానినే యీ నెల మీ ముందుంచుచున్నాము.

పండుగకు మా అన్నగారి కుమారుడు హైదరాబాదునుండి తన ఆటయంత్రమును వెంట దెచ్చుకొనెను. వానికి పండ్రెండేండ్లు. మా చెల్లెలి కూతురు జగ్గయ్యపేటనుండి వచ్చెను. దానికి పదేండ్లు. వాకిట ముగ్గులు, గొబ్బెమ్మలు ముగియగానే యిరువురును టీవీముందు చేరి స్ట్రీట్ ఫైటర్ అను ఆట మొదలిడుచుండిరి. భోగినాడు వాడే గెలిచెను. పండుగనాడును వాడే గెలిచెను. కనుమనాడు మాత్రము పిల్ల వరుసగా నాలుగు పోరులు గెలిచెను. వసారాలో కూర్చున్న పెద్దలు ఊరకుందురా? "మేనమరదలి చేతిలో తన్నులు తిన్నావేమిరా!" అని విరగబడి నవ్విరి. వాని మొగము కందిపోయెను. "అదేదో అదృష్టం. ఆడపిల్లలకు ఇదేం తెలుసు?" అని పలికి, చేతిలోని మీటలపెట్టెను నేల బెట్టి, నాయనమ్మ సెల్‌ఫోను తీసికొని మేడమీదికి పోయెను. తరువాతి కథ తరువాత చెప్పెదము.

ఈ ఆటల నెరుగని వారికొరకు రెండు మాటలు. తెరమీద ఇరువురు యోధు లెదురెదురుగా నిలుతురు. ఒక్కొక్కరి ప్రాణబలమును తెలుపు పట్టీ పైన నుండును. దెబ్బ తగిలినకొలది పట్టీ తరుగును. ఎవరి పట్టీ ముందుగా తరిగిపోవునో వారోడినట్లు. జపానుదేశమున కాప్‌కాం సంస్థవారు 1991లో విడుదలచేసిన స్ట్రీట్ ఫైటర్ 2 వలన ఈ జాతి ఆటలకు లోకమంతట పేరు వచ్చెను. 1994లో నామ్కో సంస్థవారి టెక్కెన్ వచ్చెను. నేటికిని ఈ రెండు వంశములును వర్ధిల్లుచునే యున్నవి.

ఇక మంచి ఆట లక్షణములు. అన్నింటికంటె ముఖ్యమైనది, ఓడినవానికి తానేల యోడెనో తెలియుట. వైకుంఠపాళిలో పాము మ్రింగినచో తప్పు మనది కాదు, గవ్వలది. అందుచేత దానినుండి మనము నేర్చుకొనునదియు లేదు. మంచి పోరాటపు ఆట యట్టిది కాదు. దాని గుట్టంతయు మూడు పనులలో నున్నది: కొట్టుట, కాచుకొనుట, పట్టి విసరుట. కాచుకొన్నవానిని మామూలు దెబ్బ యేమియు చేయలేదు. కాచుకొని కూర్చున్నవానిని పట్టి విసరవచ్చును. పట్టుకొన వచ్చినవానిని ముందుగా దెబ్బతో నాపవచ్చును. రాయి, కాగితము, కత్తెర యని పిల్లలాడు చేతియాటవంటిదే యిది. కాని యిక్కడ ఎదుటివాని యలవాటును కనిపెట్టినవానిదే పైచేయి.

మా చెల్లెలి కూతురు చేసిన దదియే. అది రెండు దినములు ఓడుచు బావ ఆటను చూచెను. మూడవదినమున గెలిచిన పిదప మేమడుగగా నిట్లు చెప్పెను. "బావ ప్రతిసారీ పైకెగిరి తన్నడానికి వస్తాడు పెద్దమ్మా. ఎగిరినవాడు దిగేదాకా వెనక్కి తగ్గలేడు కదా! నేను కిందనే ఉండి, దిగేటప్పుడు కొట్టాను. అంతే." ఇందులో అదృష్టమెక్కడ నున్నది? రెండు దినముల యోటమియే దానికి పాఠమైనది. అట్టి పాఠము చెప్పగల ఆటను మేము మంచి ఆట యందుము.

రెండవది, వేరువేరైన యోధులకు సమానమైన యవకాశము. మన గుడిమంటపములలో రాతిపై చెక్కియుండు పులిజూదము నెరుగని వారుండరు. మూడు పులులు, పదునైదు మేకలు. పులి దూకి చంపును, మేక చంపలేదు. ఐనను మేకలవాడు తెలివిగలవాడైనచో పులులను కట్టివేయును. బలము లొకటి కాకున్నను పోరు సమమే. స్ట్రీట్ ఫైటర్ 2లో ఆటగాడు కోరుకొనదగిన యోధు లెనమండుగురు. అందొకడు ధల్‌సిం అను భారతీయ యోగి. చేతులు కాళ్లు చాచి దూరమునుండి కొట్టును, నోటినుండి అగ్ని నూదును, కాని నడక మందము. మరియొకతె చున్‌లీ అను చైనా వనిత. మెరుపువలె కదలును. ఆ యెనమండుగురిలో స్త్రీ ఆమె యొక్కతెయే. ఆమె యెవరి చాటునను దాగలేదు, ఎవరో వచ్చి విడిపింతురని యెదురుచూడలేదు. ఆటలలో స్త్రీ యనగా చెరబడిన రాకుమారి యనుకొనుచుండిన కాలములో నిది చిన్న మార్పు కాదు. ఏ యొక్క యోధుని గైకొన్నను గెలుపు నిశ్చయమనునట్లుండు ఆట చెడ్డ ఆట. ఆ యోధుని కొరకు పిల్లలు జుట్లు పట్టుకొందురు, ఆట అక్కడితో చచ్చును.

మూడవది, చేతిమాటను తెర వినుట. ఈ ఆటలలో తెరమీది బొమ్మ సెకనుకు 60 మారులు మారును. దెబ్బలు కాచుకొనుటలు ఆ లెక్కలోనే జరుగును. టెక్కెన్‌లో నాలుగు మీటలు ఎడమచేయి, కుడిచేయి, ఎడమకాలు, కుడికాలు. ఇంతకంటె తేటగా నెవరు చెప్పగలరు? మీట నొత్తిన వెంటనే బొమ్మ కదలవలెను. ఆలస్యమైనచో తప్పు తనదో యంత్రముదో తెలియక పిల్లవాడు విసిగిపోవును. ఇంట టీవీకి ఆటయంత్రమును తగిలించువారు టీవీ అమరికలలో గేమ్ మోడ్ అనునది యున్నదేమో చూచి దానిని పెట్టుట మేలు. చిత్రము వచ్చుటలోని యాలస్యము తగ్గును. సెల్‌ఫోను అద్దముపై వ్రేలికి మీట తగులదు గనుక ఈ జాతి ఆటలకు ఫోనంత యనువైనది కాదు.

నాలుగవది, గడప తక్కువగా నుండవలెను, ఇల్లు లోతుగా నుండవలెను. క్రొత్తవాడు మొదటిదినముననే రెండు దెబ్బలు కొట్టి సంతోషింపగలుగవలెను. పదేండ్లాడినవానికిని నేర్వవలసినది మిగిలియుండవలెను. 2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6లో క్రొత్తవారికొరకు మీటల కూర్పును సులభము చేసిరి. చూపులేనివారు చెవితో గ్రహించి యాడుటకు ధ్వనుల యేర్పాటును గావించిరి. దెబ్బవెనుక దెబ్బ గొలుసుగా తగిలించు విద్య యీ ఆటల కంతటికిని ప్రాణము. అదియు 1991 నాటి ఆటలో తయారుచేసినవారు ముందుగా తలచినది కాదు. పరీక్షించునప్పుడు కనబడిన యొక వింతను తీసివేయక యుంచిరి. దానినుండియే యింత విద్య పుట్టెను.

ఈ విద్యకు లోతెంతయో తెలియుటకు ఒక్క ఉదాహరణము. 2004లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈవో అను పోటీ జరిగెను. స్ట్రీట్ ఫైటర్ 3లో జపానువాడగు దైగో ఉమెహారా, అమెరికావాడగు జస్టిన్ వాంగ్ తలపడిరి. దైగోకు మిగిలిన ప్రాణము వెంట్రుకవాసి. ఆ స్థితిలో కాచుకొన్నను చిన్నదెబ్బకే ప్రాణము పోవును. వాంగ్ చున్‌లీచేత 15 తన్నుల మహాస్త్రమును వేయించెను. ఆ ఆటలో, దెబ్బ తగులు క్షణముననే వెనుకకు గాక ముందుకు నొత్తినచో ఆ దెబ్బ వృథా యగును. దైగో ఒక్కటియు తప్పక పదునైదింటిని అట్లే తప్పించి, తిరిగి కొట్టి గెలిచెను. ఆ పోటీ చివరిపోరులో మాత్రము ఆయన మరియొక జపానువాని చేతిలో నోడిపోయెను. ఐనను లోకమునకు జ్ఞాపకమున్నది ఆ పదునైదు క్షణములే.

ఈ విద్య యౌవనముతోనే పోవునదియు కాదు. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో స్ట్రీట్ ఫైటర్ 5 పతకపు పోటీగా నుండెను. బంగారు పతకమును గెలిచిన దక్షిణ కొరియావాడు కిం గ్వాన్‌వూకు అప్పటికి 44 ఏండ్లు. ధనికదేశములకు మాత్రమే పరిమితమైనదియు కాదు. లాహోరువాడైన అర్స్‌లాన్ యాష్ 2019లో టెక్కెన్ 7 ఆటయందు జపానులోను అమెరికాలోను జరిగిన ఈవో పోటీలు రెంటిని గెలిచి, లోకమును తన నగరమువైపు చూచునట్లు చేసెను.

రక్తము చిందిన కొలది ఆట గొప్పదని పిల్లలనుకొందురు. అది భ్రమ. 1992లో వచ్చిన మోర్టల్ కొంబాట్‌లోని నెత్తుటి దృశ్యములపై అమెరికా సెనేటువారు 1993 డిసెంబరులో విచారణ జరిపిరి. ఆ మరుసటి సంవత్సరమే ఆటలకు వయస్సునుబట్టి గుర్తులు వేయు సంస్థ యేర్పడెను. నేడు ఫోను అంగడిలో ఆట పేరుప్రక్క 7, 12, 16, 18 అని యుండు సంఖ్య యట్టిదే. అది చూడక ఆటను ఇంటికి రానీయవలదు. కారమెక్కువైన కూర రుచియైన కూర కానట్లే, నెత్తురెక్కువైన ఆట మంచి ఆట కాదు.

ఇక మా మేనల్లుని కథకు వత్తుము. మేడమీదికి పోయినవాడు నాయనమ్మ ఫోనులో వేరొక తన్నులాటను దింపుకొనెను. అందు రూపాయలు పోసి బలమైన యోధుని కొనవచ్చును. ఆమె రహస్యసంఖ్య వానికి తెలియును. మందులు తెప్పించునప్పుడు ఆమెయే చెప్పియుండెను. 799 రూపాయలు పోయెను. మూడు దినములు వాడే రాజు. నాలుగవదినమున ఎక్కువ రూపాయలు పోసినవాడెవడో వచ్చి వీనిని మట్టి కరిపించెను. బ్యాంకునుండి వచ్చిన సందేశమును చూచి నాయనమ్మ కన్నీరు పెట్టుకొనెను. డబ్బు పోయినందుకు గాదు, తన్నడుగకపోయినందుకు.

కృష్ణ కావలియొడ్డున నున్న పలనాటి కథ మనకు తెలియనిదా? కోడిపందెమున నోడి రాజ్యము విడిచిపోవలసి వచ్చినవారి కథ యది. కోళ్లను పోరుకు దింపుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టముచే నేరమైనను, సంక్రాంతివేళ ఆ మోజు చావలేదు. అందు ఒడ్డినవానికి నేర్చునది లేదు, పోరాడు కోడికి మానుకొను దారి లేదు. పోరాటమును డబ్బునకు కట్టివేసిన చోటెల్ల నిదియే గతి. 2025 ఆగస్టులో మన పార్లమెంటువారు ధనమొడ్డి యాడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు చట్టము చేసిరి, నైపుణ్యపు పోటీయైన ఈ-స్పోర్ట్సును వేరుగా గుర్తించిరి. కాని ఆటలోపల బలమును కొనిపించు అంగడిని కాపాడుకొనవలసినది తల్లులే. ఫోనులో ప్రతి కొనుగోలుకును రహస్యసంఖ్య నడుగునట్లు అమర్చుకొనుడు. ఆ సంఖ్యను పిల్లలకు చెప్పకుడు.

ఆనాటి రాత్రి మేము వానిని కొట్టలేదు, తిట్టలేదు. ఆ మేనమరదలి మాట యనినవారలలో మేమును నుంటిమి. ఓటమిని అవమానముగా మార్చినది ఆట గాదు, వసారాలోని మా నవ్వు. ఆ సంగతి వానితో చెప్పితిమి. వాడు నాయనమ్మ కాళ్లు పట్టుకొనెను. నెలనెల తన చేతిఖర్చునుండి కొంత తీర్చుటకు ఒప్పుకొనెను. మరునాటి యుదయమున ఆ పిల్లవద్దకు పోయి, "దిగేటప్పుడు ఎట్లా కొట్టావో చూపించు" అని యడిగెను. అది చూపెను. ఆ దినమున ఎవరెన్ని గెలిచిరో ఎవ్వరును లెక్కపెట్టలేదు.

కావున తల్లులు చూడవలసినది ఆటలోని తన్నులను గాదు, ఆట ముగిసిన పిదపటి నిమిషమును. ఓడిన బిడ్డ "ఎక్కడ తప్పు చేసితిని?" అని యాలోచించుచున్నచో ఆ ఆటను ఉండనిండు, వేళకు ముగింపించుడు. "ఇంకొక వంద రూపాయలిమ్ము" అనుచున్నచో ఆ ఆటను ఆ దినముననే తీసివేయుడు. వీలైనచో ఒకనాడు మీరును ప్రక్కన కూర్చుండి మీటలపెట్టెను చేతబట్టుడు. మీ రోడుదురు. ఏల యోడితిరో బిడ్డ నడుగుడు. వాడు చెప్పగలిగినచో అది మంచి ఆట. మీ యాడపిల్ల యాడగోరినచో ఆ పెట్టెను ఆమెకును ఇయ్యుడు.