సగటు రాబడి – నెల జీతము

పటాన్‌చెరు, సంగారెడ్డి కర్మాగారములలో పని ముగించి బస్సు కొరకు నిలుచున్న కార్మికుని చేతిలో నేడు సెల్‌ఫోను ఉన్నది. పేకాట అందులోనికి వచ్చుటకు ఎంతో సేపు పట్టదు. డబ్బు పెట్టి ఆడెడి ఆన్‌లైను ఆటలను తెలంగాణ 2017లోను, పార్లమెంటు 2025లోను నిషేధించినవి. చట్టము చెప్పినది సరే. లెక్క యేమి చెప్పును?

ఐదు ముక్కలు వేసి, వలసినవి ఉంచుకొమ్మనెడి యంత్రపు పేకాట వీడియో పోకరు. అందు 'జాక్స్ ఆర్ బెటర్' అను ఆటను మేలైన చెల్లింపు పట్టికపై పొరపాటు లేక ఆడినచో, నూరు రూపాయల పందెమునకు సగటున 99 రూపాయల 54 పైసలు తిరిగి వచ్చును. నష్టము అర్ధరూపాయి కూడ లేదు గదా యని విద్యార్థి యనవచ్చును. కాని అందులో సుమారు 2 రూపాయలు 'రాయల్ ఫ్లష్' అను ఒక్క కూర్పు వలననే వచ్చును. పది మొదలు ఆసు వరకు ఒకే గుర్తు ముక్కలు కుదురుట సుమారు 40,000 ఆటలకు ఒకమారు. అది పడువరకు నూటికి పోవునది దాదాపు రెండున్నర రూపాయలు. పెద్ద బహుమతులు చూపెడి ఆటలలో ఈ ఒడుదొడుకు మరింత హెచ్చు.

సగటు అబద్ధమాడదు, కాని అది దీర్ఘకాలమునకు చెందిన మాట. నెలజీతగాని కాలము ఒకటవ తారీఖుతో ముగియును. నలుడు ఋతుపర్ణుని యొద్ద అక్షహృదయము నేర్చినది రాజ్యము పోయిన తరువాతనే!

సంభావ్యత బోధించు ఉపాధ్యాయుడు నాణెము ఎగురవేయుటతో ఆగరాదు. ఎంత వచ్చునన్నది మొదటి ప్రశ్న. వచ్చువరకు నిలువగలమా యన్నది రెండవది. ఇల్లు నిలుచునది రెండవదానిపైననే.